స్త్రీలందరి కోసం

శాసనసభ భవనంలో ఒడెస్సా బాత్రూమ్‌కని కింది అంతస్తు మెట్ల వైపు నడుస్తుంటే కూతురు వెర్లీన్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, కిందికెందుకు? ఆడవాళ్ల గది ఇదిగో, ఇక్కడే ఉందిగా."

"పాడు అలవాటు పోలేదే. ఇరవై ఏళ్లు ఈ గది కడిగినదాన్నే. కానీ అప్పట్లో మన నల్లాళ్లకి కింది గదే కదా."

ఈ మధ్యే ఎన్నికల్లో గెలిచి ఈ సభకు వచ్చిన వెర్లీన్ తల్లిని ఆ గది వైపు నడిపించింది.

ఆ గది తలుపు పక్కన కొత్తగా బిగించిన ఇత్తడి ఫలకాన్ని మహిళా సంఘం అధ్యక్షురాలు మిసెస్ టిండల్ చేతిరుమాలుతో తుడుస్తోంది.

"మన రాష్ట్రంలో మొట్టమొదటి సభ్యురాలు హాల్కొంబ్ గారు మగవాళ్లతో కొట్లాడి కట్టించిన గది ఇది. యాభై ఏళ్లయింది," అంది గర్వంగా. "చూడండి, 'స్త్రీలందరి కోసం, 1924.'"

"నల్లవాళ్లకి ఓటెందుకని ఊరూరా తిరిగి చెప్పింది కూడా ఆవిడే," అంది వెర్లీన్. "ఈ ఫలకం తీయించాల్సిందే."

"మీ పోట్లాట తర్వాత. ముందు నన్ను పోనివ్వండి," అంటూ ఒడెస్సా తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

తీరిగ్గా బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ మిసెస్ టిండల్ వైపు తిరిగింది.

"మాట బాగుందమ్మా, తీయకండి."

మిసెస్ టిండల్ ముఖం విప్పారింది.

"సంవత్సరమే తప్పు పడింది," అంది ఒడెస్సా. "ఇవాళ్టి తేదీ వేయించండి."