వంకర పిడి

"ఏమ్మా, ఇక్కడివాళ్ళు గొడుగుకి ఏ పిడి ఎక్కువ అడుగుతారు?" విదేశీ కంపెనీ మనిషి నోటు పుస్తకం తెరిచాడు.

అక్క కుట్టుమిషను ఆపలేదు. "వంకర పిడి. అదీ చెక్కదే. ముసలాళ్ళకి చేతికర్రగా కూడా పనికొస్తుంది."

అతను పిడిని టేపుతో కొలిచి మరీ రాసుకున్నాడు. పక్కన నిలబడ్డ తమ్ముడి మొహం చేటంతయింది.

ఈ గొడుగుల కార్ఖానా వాళ్ళ నాన్న పెట్టింది. పన్నెండు మిషన్లలో ఇప్పుడు తిరిగేవి మూడే. ఈ వానాకాలం కూడా నిరుటిలాగే గడిస్తే తలుపులు మూసుకోవడమేనని ఇద్దరికీ తెలుసు. అలాంటప్పుడు సముద్రం అవతలి పెద్ద కంపెనీ 'భాగస్వాములవుదాం' అంటూ వెతుక్కుంటూ వచ్చింది. మునిగేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు కదా!

"పరాయి దేశంలో అమ్మాలంటే అక్కడివాడి చెయ్యి పట్టుకునే నడవాలండీ," అన్నాడు కంపెనీ మనిషి సంతకాల రోజున, తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆ మాటకే తమ్ముడు కరిగిపోయాడు. కాగితాల్లో సగం అర్థం కాకపోయినా సంతకాలు పెట్టేశాడు.

ఆ తర్వాత నెలరోజులు అతన్ని వెంటబెట్టుకుని ఒక్క దుకాణం వదలకుండా తిప్పాడు. "ఈయన మావాడే" అని గడపగడపకూ చెప్పాడు.

"మన గొడుగులు అక్కడ అమ్మేవాడికి ఇక్కడి దుకాణాలతో ఏం పనిరా?" అక్క అడిగింది.

"మన పేరు ఎంత గట్టిదో చూసుకోవద్దూ? నీకు వ్యాపారం తెలీదక్కా."

"అసలు వాళ్ళు పంపుతామన్న ఆ కంటైనరు వస్తుందంటావా?"

"సోమవారం. గోదాము మొత్తం ఖాళీ చేసి ఉంచమన్నాడు."

"ఆలూ లేదు, చూలూ లేదు..." అనబోయి ఊరుకుంది. ఆశ ఆమెకూ ఉంది. పైకి చెప్పుకోవడానికే సిగ్గు.

ఆదివారం కూడా మిషన్లు ఆగలేదు. వేళ్ళకి సూదులు గుచ్చుకున్నా పట్టించుకోకుండా, కంటైనరులో పంపాలనుకున్న వెయ్యి గొడుగులూ పూర్తి చేశారు. ఎక్కించడం సులువని పెట్టెలన్నీ వాకిట్లోకి చేర్చారు. చివరి పెట్టెకి నాన్న పేరున్న చీటీని అక్కే అంటించింది.

సోమవారం మధ్యాహ్నం దాటింది. తమ్ముడు గేటుకీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"రాదురా. మన రాతే అంత. లోపలికి వచ్చి నాలుగు మెతుకులు తిను," అంది అక్క. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే వీధి మలుపులో హారన్ వినిపించింది. తమ్ముడు చిన్నపిల్లాడిలా ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. "చూశావా? రాదన్నావుగా!"

పనివాళ్ళు పెట్టెలు భుజానికెత్తుకుని వరసగా నిలబడ్డారు. డ్రైవరు కిందికి దూకాడు.

"గోదాము ఎటండీ?" అని అడుగుతూనే సీలు తెంపి తలుపులు బార్లా తెరిచాడు.

కంటైనరు నిండా వంకర పిడి గొడుగులున్నాయి.