దారి బత్తెం

చలికాలం గడపడానికి మంచుకొండల అవతలి నుంచి మా చెరువుకి వచ్చిన బాతుల్లో ఒక పడుచు బాతు ఉండేది. మాఘం వెళ్లేసరికి, గట్టు మీద నడుస్తుంటే దాని పొట్ట నేలకి ఆనుతోంది.

"అంత పొట్టేంటమ్మా? నన్ను చూడు" అంది సన్నగా నిలబడ్డ కొంగ.

బాతుకి సిగ్గేసింది. రోజూ తెల్లవారగానే చెరువు చుట్టూ ఎగరడం మొదలుపెట్టింది. రెక్కలు గట్టిపడ్డాయి, మెడ సన్నబడింది. పొట్ట మాత్రం ఇసుమంతైనా కరగలేదు.

"ఎంత ఎగిరినా ఇది పోదేం అమ్మమ్మా?" అని ఏడ్చింది.

"పోకూడదు కాబట్టే పోవడం లేదు తల్లీ. కొండల మీద గింజ దొరకదు. వచ్చేటప్పుడు నిన్ను దాటించింది ఈ పొట్టే. తిరిగి వెళ్లడానికీ అదే దారి బత్తెం" అంది ముసలి బాతు.

ముసలివాళ్ల చాదస్తం అనుకుంది పడుచు బాతు. ఆ రోజు నుంచి మేత మానేసింది. ఈసారి పొట్ట కరిగింది.

ఎండ చురుక్కుమన్న రోజున గుంపు లేచింది. పడుచు బాతూ లేచింది కానీ, తాటిచెట్లు దాటకముందే రెక్కలు వాలిపోయి మళ్లీ చెరువులో పడింది. అమ్మమ్మ దాని మీదుగా రెండు చుట్లు తిరిగింది. గుంపు దూరమైపోతుంటే అరుచుకుంటూ వెళ్లిపోయింది.

"ఇప్పుడు ఎంత ముచ్చటగా ఉన్నావో!" అంది కొంగ మనస్ఫూర్తిగా.

బాతు నీళ్లలో తన నీడ చూసుకోలేదు.

"కొంగక్కా, ఇక్కడ ఎండాకాలం ఎలా ఉంటుంది?" అని అడిగింది.

చెరువులో నీళ్లు అప్పటికే గట్టు నుంచి జానెడు దిగిపోయాయి.