హాలంతా కెవ్వుమనాలి

“కట్! మళ్ళీ సారీ చెప్పావా?” రొవీనా నెత్తి కొట్టుకుంది.

నల్ల ముసుగులో ఉన్న బార్నబీ గొడ్డలి కిందకి దించాడు. “ఏం చెయ్యమంటావ్? ఆవిడ కాలు తొక్కేశాను.”

“నువ్వు హంతకుడివయ్యా బాబూ! అందర్నీ నరకడానికి వచ్చావు. కాలు తొక్కితే తొక్కావు!”

“ఫర్వాలేదులే నాయనా, తప్పు నాదే. కాలు అడ్డంగా పెట్టుకున్నాను,” అంది మూడో వరసలోంచి మిసెస్ ఆగ్డెన్. అని ఊరుకోకుండా, చేతిసంచీలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి హంతకుడి చేతిలో పెట్టింది.

రొవీనాకి ఏడుపొక్కటే తక్కువ. పెద్ద కంపెనీల అండేమీ లేకుండా, లండన్‌లోని స్నేహితుల్ని పోగేసుకుని, లాంకషైర్‌లోని ఈ చిన్న ఊళ్ళో, ఈ పాత సినిమా హాల్లోనే తన హారర్ సినిమా అంతా తీసింది. చివరి సీనే మిగిలింది. ఆట చూస్తున్న జనం మధ్యకి హంతకుడొస్తాడు, హాలంతా కెవ్వుమని లేచి పరిగెడుతుంది. అది లేకపోతే సినిమాకి ముగింపే లేదు. హాలువాళ్ళేమో మధ్యాహ్నం పిల్లల ఆటకి ఖాళీ చెయ్యమన్నారు, రేపట్నుంచి మరమ్మతులకి మూసేస్తున్నారు.

జనంగా కూర్చోడానికి ఊళ్ళో వృద్ధుల క్లబ్బు మొత్తం ముస్తాబై వచ్చింది. వచ్చి ఏం లాభం? ఆరడుగుల బార్నబీ గొడ్డలెత్తి వరసలోకి దూరితే ఒక్కరూ అరవరే! పాపం దారి కావాలేమోనని కోట్లు సర్దుకుని, మర్యాదగా లేచి నిలబడతారు. ఒక పెద్దాయనైతే, “పక్క సీటు ఖాళీయే, కూర్చో బాబూ,” అన్నాడు.

“మీకు భయం వెయ్యట్లేదా అండీ?” అని దీనంగా అడిగింది రొవీనా.

“ఎందుకు వెయ్యదమ్మా, చాలా బాగా వేస్తోంది,” అన్నారందరూ.

“మరి అరవరేం?”

“హాల్లో అరిస్తే ఏం బావుంటుంది? పక్కవాళ్ళకి ఇబ్బంది కదూ!”

రొవీనా పోయి హాలు బయట మెట్ల మీద కూలబడింది. మిసెస్ ఆగ్డెన్ టీ కప్పుతో వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ లండన్ అబ్బాయి వల్ల కాదు తల్లీ. వాణ్ణి చూస్తుంటే ముద్దొస్తోంది. మా క్రాబ్‌ట్రీ గారిని రమ్మననా? తర్వాత నన్ను తిట్టుకోకూడదు మరి.”

“ఎవరాయన?”

“మా ఊరాయనేలే,” అంటూనే ఫోన్ తీసి గొంతు తగ్గించి మాట్లాడేసింది. వస్తున్నది ఎవరో లోపల కూర్చున్నవాళ్ళకి చెప్పలేదు.

కాసేపటికి ఆయన వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, ఊలు స్వెట్టర్లో, వెన్నపూసలాంటి మనిషి. ‘ఈయనా హంతకుడు! పిల్లి కూడా పక్కకి జరగదు,’ అనుకుంది రొవీనా. బార్నబీ మూతి ముడుచుకుంటూ ముసుగు ఊడదీసి ఇచ్చాడు.

“ముసుగొద్దమ్మా, కళ్ళద్దాలకి ఆవిరి పట్టేస్తుంది,” అన్నాడు క్రాబ్‌ట్రీ.

“పోనీ గొడ్డలైనా?”

“అబ్బే, అంత పెద్దది నాకు అలవాటు లేదు. ఏమైనా మాట్లాడాలా?”

“మీకేం తోస్తే అది,” అంది రొవీనా. ఆశ ఎప్పుడో వదిలేసుకుంది.

హాల్లో దీపాలు తగ్గాయి. కెమెరా తిరిగింది. తలుపు తీసుకుని క్రాబ్‌ట్రీ చేతులు వెనక్కి కట్టుకుని, నెమ్మదిగా వరసల మధ్యగా నడిచొచ్చాడు. ఇందాకటి పెద్దాయన దగ్గర ఆగి, మొహంలో మొహం పెట్టి చిరునవ్వు నవ్వాడు.

“ఒక్క క్షణమే. అసలు నొప్పే తెలీదు.”

పెద్దాయన పెట్టిన కేకకి హాలు అదిరిపోయింది. ఆ వెంటనే వరసలకి వరసలు గొల్లుమని లేచాయి. చేతికర్రలు వదిలేసినవాళ్ళు, టోపీలు పారేసుకున్నవాళ్ళు, సీట్ల మీంచి దూకినవాళ్ళు! స్వయంగా పిలిపించిన మిసెస్ ఆగ్డెనే అందరికంటే ముందు గుమ్మం దాటింది. బార్నబీ నోరు వెళ్ళబెట్టి చూస్తుండిపోయాడు.

“కట్! కట్!” రొవీనా ఆనందం పట్టలేక ఏడ్చేసింది. పరిగెత్తుకెళ్ళి క్రాబ్‌ట్రీ రెండు చేతులూ పట్టేసుకుంది. “అద్భుతం సార్! ఇంత నటన ఎక్కడ నేర్చుకున్నారు? ఏ నాటక కంపెనీ మీది?”

“నాటకమా?” ఆయన సిగ్గుపడిపోయాడు. “అయ్యో, లేదమ్మా! ఈ ఊళ్ళో పళ్ళ డాక్టర్ని నేనొక్కణ్ణే.”