ఏడో నెల ఏర్పాట్లు

జెనలిన్ పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పు రొయ్యల ముద్దలో అద్దుకుని తింటూ వాళ్ళమ్మ కంట పడింది. మర్నాడు మళ్ళీ పడింది. ఆ మర్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

తల్లి అలింగ్ ఏపాంగ్ ఏమీ అడగలేదు. అడగాలంటే ఆ మాట నోటితో అనాల్సి వస్తుంది.

వాళ్ళుండే చిన్న దీవిలో ఆమె చర్చి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఎవరింట్లో తొలి కాన్పయినా, పెళ్ళినాటి నుంచి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టేది ఆమే. లెక్క కుదరలేదని పోయినేడు ఒక పిల్లను పాటల బృందం నుంచి తీసేయించింది కూడా. ఇప్పుడు ఊళ్ళో అందరికీ వేళ్ళున్నాయన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

వెంటనే రోదెల్‌ను పిలిపించింది. అతను పడవ నడుపుతాడు. జెనలిన్‌తో పెళ్ళి ఎప్పుడో ఖాయమైంది. జెనలిన్ అన్నకు ఈ మధ్యే పెళ్ళయిందనీ, అదే ఏడాదిలో చెల్లెలి పెళ్ళి చేస్తే అరిష్టమనీ అలింగ్ ఏపాంగే వాయిదా వేయించింది. ఆ నమ్మకం ఈ నేల మీద శిలువ అడుగుపెట్టక ముందుదనీ, దేవుడికి దానితో సంబంధం లేదనీ ఇప్పుడు ఆమే తేల్చింది. పెళ్ళి ఈ నెలలోనే అంది.

“నిన్ను నమ్మి పిల్లను పడవెక్కనిచ్చాను. పెద్దదాన్ని, ఇంతకంటే అనలేను,” అని, ఆ తర్వాత ఇంకా చాలాసేపు అంది.

రోదెల్ నోరు తెరిచాడు. జెనలిన్ అతని కాలు తొక్కింది. అతను తల వంచుకుని తప్పయిపోయిందని ఒప్పుకున్నాడు.

పెళ్ళి ముందుకు జరిగింది గాని పురుడు వెనక్కి జరగదు. అందుకని ఆమె ఊరిని సిద్ధం చెయ్యడం మొదలుపెట్టింది. తమ వంశంలో తొలి కాన్పులన్నీ ఏడో నెలలోనే అవుతాయని చర్చి మెట్ల మీద చెప్పింది. చేపల బజారులో చెప్పింది. తానూ ఏడో నెల బిడ్డనేనంది. కాదనడానికి ఆమె పుట్టుక చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. పెళ్ళి కాకుండానే పురుటి మాటలేమిటని ఎవరూ అడగలేదు. శ్రద్ధగా విన్నారు.

చేపలమ్మే సియోనీ మాత్రం ఆమెను ఎగాదిగా చూసింది. “ఏడో నెలకే ఇంత మనిషివయ్యావా వదినా. నెలలు నిండి ఉంటే చర్చి గుమ్మంలో పట్టేదానివి కాదు.”

అలింగ్ ఏపాంగ్ ఇంటికొచ్చి, నిమ్మకాయకు సరిపోయేంత టోపీలు అల్లసాగింది. జెనలిన్ ఊరి ఆరోగ్య కేంద్రంలో కాన్పులు చేసే నర్సు. ఆ టోపీల వంక కాసేపు చూసింది.

“వీటితో సరిపోదమ్మా. ఏడో నెల బిడ్డకి వెచ్చటి అద్దాల పెట్టె ఉండాలి. అది లేకుండా బతికి బట్టకట్టిందంటే, అసలు ఏడో నెల బిడ్డే కాదంటారు.”

తల్లి చేతిలో సూదులు ఆగిపోయాయి.

ఆ పెట్టె మాట ఆ ఇంట్లో కొత్త కాదు. వానాకాలంలో ఒక జాలరి భార్యకు నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. వేడినీళ్ళ సీసాల మధ్య పడుకోబెట్టి పడవలో పట్నానికి బయలుదేరారు. అవతలి ఒడ్డు కనబడకముందే బిడ్డ జెనలిన్ ఒడిలో చల్లబడ్డాడు. పడవను వెనక్కి తిప్పారు. ఇంక్యుబేటర్ కొనడానికి చర్చి తిరునాళ్ళ చందా ఇప్పించమని ఆమె అప్పుడే అడిగింది. బ్యాండుమేళానికి మాట ఇచ్చేశామనీ, పసివాడు దేవదూత అయ్యాడనీ తల్లి నచ్చజెప్పింది.

ఈసారి దేవదూతల ఊసెత్తలేదు. ఆ మధ్యాహ్నమే కౌన్సిలర్ బల్దోమెరో ఇంటికి వెళ్ళింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆమె సంఘంలో ఆడవాళ్ళంతా ఓటర్లే.

అద్దాల పెట్టె పెళ్ళి బట్టల కంటే ముందే రేవులో దిగింది. నాలుగు వైపులా కౌన్సిలర్ ఫోటో అతికించారు. మూత మీద కూడా అతికించారు. బిడ్డ కళ్ళు తెరవగానే మొదట ఆయన చిరునవ్వు చూడాలట. లోపల బిడ్డ ఉందో లేదో తెలియాలి కదా అని జెనలిన్ అంటే, ఒకవైపు ఆయన చెవి వరకూ చింపనిచ్చారు. ‘నెలలు నిండని పౌరులకు కౌన్సిలర్ కానుక’ అని వీధికి అడ్డంగా బ్యానర్ కట్టారు. ఫాదర్ పవిత్ర జలం చల్లుతుంటే, కరెంటు తీగల మీద పడకుండా రోదెల్ గొడుగు పట్టుకున్నాడు.

ఇది తన మనవడి కోసం కాదనీ, ఊరి బిడ్డలందరి కోసమనీ అలింగ్ ఏపాంగ్ ప్రసంగించింది. ఆ మాటకు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది జెనలిన్ ఒక్కతే.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే, సముద్రపు నాచు పండించే వాళ్ళింటి కోడలికి నొప్పులొచ్చాయి. నెలలు నిండలేదు. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. జెనలిన్ ఆ బిడ్డను పెట్టెలో పడుకోబెట్టి పక్కనే నిలబడిపోయింది. పెళ్ళికూతురి ముస్తాబుకు రమ్మని ఎన్ని కబుర్లొచ్చినా కదల్లేదు. మధ్యాహ్నానికి బిడ్డ ఒంటికి రంగు తిరిగింది. సాయంత్రం ఆకలికి ఏడ్చింది. జెనలిన్ అప్పుడు కూర్చుంది.

రోదెల్ అన్నం పొట్లం తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కౌన్సిలర్ చెవి పక్కనుంచి లోపలికి చాలాసేపు చూశాడు.

“ఏడో నెల రానే వస్తుంది,” అన్నాడు మెల్లగా. “మీ అమ్మకి ఏం చెప్తావు?”

“ముందు రేపు పెళ్ళి కానీ,” అంది జెనలిన్, పొట్లం విప్పుతూ, “కడుపు రావడం సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం.”