పేను మందు

వెదురు కర్ర రెండోసారి సోములు నడుము మీద పడింది. చేపపిల్లలు అమ్మే ఆ పెద్దమనిషి చెరువు గట్టు మీద బోర్లా కూలిపోయాడు.

"వెన్ను వంకరపోయిన పిల్లల్ని అంటగడతావా నాకు?" అంటూ బంగార్రాజు కర్రను మళ్ళీ ఎత్తాడు. అతని కాళ్ళ దగ్గరి తట్టలో బొచ్చె చేపపిల్లలు కొడవళ్ళలా వంగి కొట్టుకుంటున్నాయి.

"మంచి పిల్లల్నే ఇచ్చానండి. కొట్టకండి బాబూ!"

"ఆపరా!"

బంగార్రాజు తల్లి రత్నమాణిక్యం గట్టెక్కింది. ఆమె చేతిలోని గిన్నెలో చేపపిల్లలు తిన్నగా ఈదుతున్నాయి.

"ఇవి పక్కనున్న గణేష్‌బాబు చెరువులోవి. పోయిన నెల మన పిల్లలతో పాటు ఒకే వ్యానులో వచ్చినవే. వీటికి లేని వంకర మనవాటికి ఎలా వచ్చింది? చెరువులో ఏం పోశావు?"

"చేపలకి పేను పట్టిందని మందు పోశానమ్మా. అందరూ పోసేదేగా."

"ఏ మందు?"

"వరికి కొట్టే పురుగుమందే. త్వరగా పోతుందని..."

"ఎంత?"

బంగార్రాజు తల దించుకున్నాడు. "డబ్బా అంతా."

సోములు నేల మీద మోచేతులు ఆనించి లేవబోయాడు. అరిచాడు. నడుము కింద కాళ్ళు కదలలేదు.

బంగార్రాజు చేతిలోని కర్ర జారి నీళ్ళలో పడింది. "అమ్మా, ఈ సంగతి బయట..."

"కారు తియ్యి. ముందు ఈయన్ని ఆసుపత్రిలో చేర్చాలి. అక్కణ్ణించి పోలీస్ స్టేషనుకి," అంది రత్నమాణిక్యం. "నువ్వు కొట్టడం కళ్ళారా చూశాను. సాక్ష్యం నేనే చెబుతాను."