మేక మీద నింద

"ఈ ఎండల ఇన్ని మల్లెలు ఎట్ల పూసినయే?" మొగ్గలు తెంపుతున్న నా భార్య అనసూర్యను అడిగాను.

"మాఘంల ఆకంత నేనే దూసి, నీళ్లు బంద్ జేసిన. గట్ల జేస్తెనే పూస్తయి."

ఆ ఆకులు పక్కింటి వెంకటరాజం మేక మేసిందని మొన్నటి 1962 ఎలక్షన్ల మైకు కంటే గట్టిగా అరిచి, మూడు నెలలుగా అతనితో మాటలు మానేసింది నేనే.

"నాకు జెప్పద్దా?"

"జెప్పిన. నువ్వు మేకను తిట్టుడు ఆపితే గద ఇనేది."

సాయంత్రం ఆ మొగ్గలతో కట్టిన మల్లెదండతో వెంకటరాజం వాకిట్లో నిలబడ్డాను. "తప్పయింది రాజమన్నా."

"నాకెందుకు? దానికే జెప్పు," అన్నాడతను నవ్వకుండా, గుంజకు కట్టేసిన మేకను చూపిస్తూ.

దండ దాని మెడలో వెయ్యబోతే అది అందుకుని తీరిగ్గా నమిలేసింది.

ఈసారి నిజంగానే మేకే తిన్నది.