కొర్రమీనులో స్విచ్‌లు

“రిపోర్టు వచ్చేసిందండీ!”

కొట్టు మెట్టెక్కుతూనే ఇందుజ కాగితాలు పైకెత్తి చూపించింది. కొర్రమీనుని తూకంలో పెడుతున్న వెంకట్రాజు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తొట్టెలో చేపలు మాత్రం తమకేమీ పట్టనట్టు తోకలాడిస్తూనే ఉన్నాయి.

ఇందుజ చేపల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. నెల్లాళ్ళ కిందట ఈ కొట్లోనే పది కొర్రమీనులు కొని కాలేజీ ల్యాబుకి పట్టుకెళ్ళింది. చేప కొల్లేట్లో పెరిగిందో, చెరువులో మేత తిని పెరిగిందో తేల్చే పరీక్షట. ఒకటి చాలని ఆ అమ్మాయి అంటున్నా, “ఒకటేం ఖర్మ, పది పట్టుకెళ్ళండమ్మా!” అని నలుగురి ముందూ ఛాతీ విరిచింది వెంకట్రాజే.

“ఇక్కడే, అందరూ వినేలా చదువమ్మాయ్,” అంది శేషారత్నం కుర్చీ ముందుకి లాక్కుని. ఆవిడ రిటైరైన హెడ్మాస్టరమ్మ. ఏలూరులో ఆ వీధి వీధంతా ఆవిడ ఏ కొట్లో కొంటే ఆ కొట్టుకే వెళ్తుంది. “మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి చేపలన్నీ ఇక్కడే చెబుదామని వచ్చాను. కొల్లేటివని తేలితే సరే. తేలకపోతే, వెంకట్రాజూ, ఆ బోర్డు నా చేత్తో నేనే పీకేస్తాను.”

‘అచ్చమైన కొల్లేటి కొర్రమీను’ అన్న ఆ బోర్డు మీదే కొట్టు నడుస్తోంది.

“అలాగేనండీ, నిక్షేపంగా పీకెయ్యండి,” అని నవ్వాడు వెంకట్రాజు.

ఆ నవ్వుకి కారణముంది. చేపల కోసం అతను ఏనాడూ కొల్లేటి వైపు చూసినవాడు కాదు. ముదినేపల్లి దేవరాజుకి చెప్పి, చెరువు చేపే కావాలని అడిగి మరీ తెప్పిస్తాడు. కొల్లేట్లో వలకి ఒకరోజు జానెడు చేప, ఇంకోరోజు మూరెడు చేప. గాలి ఎదురైందా, ఆ పూటకి అసలే లేదు. చెరువు చేపైతే అన్నీ ఒకే సైజు, రోజూ తెల్లారేసరికి హాజరు. ఇక పరీక్ష సంగతంటారా, దానికీ లెక్క వేసుకునే దిగాడు. ఎక్కడ పెరిగినా కొర్రమీను కొర్రమీనే. జాతి ఒకటైనప్పుడు డీఎన్‌ఏ ఒకటే. ఒకటే అయినదాంట్లో తేడా ఎవడు పట్టుకుంటాడు?

“డీఎన్‌ఏ పరీక్షే కదమ్మా?”

“కాదండీ. డీఎన్‌ఏ రెండింట్లోనూ ఒకటే.”

“మరి?”

“జీన్లన్నీ ఉన్నా అన్నీ ఒకేసారి పనిచెయ్యవండీ. మీ ఇంట్లో స్విచ్‌బోర్డుంది, మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే మా ఇంట్లో లైటు వెలుగుతుంటుంది, అంతే. మేత తిని పెరిగిన చేపలో కొన్ని స్విచ్‌లు ఆన్‌లో ఉంటాయి, వేటాడుకుని బతికిన చేపలో వేరేవి. ఆర్‌ఎన్‌ఏ చూస్తే ఏవి ఆన్‌లో ఉన్నాయో తెలిసిపోతుంది. కొల్లేటికోటలో నా కళ్ళముందు పట్టిన చేపలతోనూ, మా ల్యాబులో మేత వేసి పెంచినవాటితోనూ పోల్చి చూశాను.”

“అంటే ఎక్కడ తిరిగిందో, ఏం తిందో ఒంట్లోంచి చదివేస్తారన్నమాట!” అంది శేషారత్నం. “ముందు మా ఆయనకి చేయించాల్సింది ఈ పరీక్ష.”

కొట్లో అందరూ నవ్వారు. వెంకట్రాజు ఒక్కడే భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“అమ్మాయిగారూ, ఒక్క నిమిషం లోపలికి రండి. కాఫీ తాగుదురుగాని.”

“ఇప్పుడే తాగొచ్చానండీ.”

“పోనీ ఐసుపెట్టె చూద్దురుగాని.”

“ఐసుపెట్టెలో చూడ్డానికేముందయ్యా?” అంది శేషారత్నం.

“సైన్సు విషయమండీ, మీరు కూర్చోండి,” అంటూ ఆ పిల్లని పరదా వెనక్కి తీసుకుపోయాడు.

ఆ నాలుగడుగుల్లోనే లెక్క తేల్చేసుకున్నాడు. రిపోర్టు చదివితే వీధి మొత్తం దగ్గర పరువు పోతుంది. నిజం ఒప్పుకుంటే పోయేది ఒక్క పిల్ల దగ్గర. ఏది గిట్టుబాటో ఎవరూ చెప్పక్కర్లేదు.

“తల్లీ, నీకు దణ్ణం పెడతాను, అది చదవకు,” అన్నాడు గొంతు బాగా తగ్గించి. “అవి కొల్లేటివి కావు. దేవరాజు చెరువువి. మూడేళ్ళుగా అంతే.”

ఇందుజ కాగితం వైపు చూసింది, అతని వైపు చూసింది.

“పదీనా?”

“పదీ.”

“ఒక్కటి కూడా కొల్లేటిది కాదా?”

“మా అమ్మ తోడు.”

“అయితే నా పీహెచ్‌డీ మునిగిపోయినట్టేనండీ,” అంది ఏడుపు గొంతుతో. “పదికి పదీ కొల్లేటివేనని వచ్చింది.”

వెంకట్రాజు ఆ కాగితం లాక్కుని, తిరగేసి, మళ్ళీ తిరగేసి, ఆమె చేతిలోనే పెట్టేశాడు. జేబులోంచి ఫోను తీసి, దేవరాజుకి కలిపి స్పీకరు పెట్టాడు.

“ఏరా దేవరాజూ, నాకు పంపే చేప ఎక్కడిది?”

అవతల దేవరాజు నసిగాడు.

“తెలిసిపోయిందాండీ అన్నయ్యగారూ? మేత ఖర్చుకి తట్టుకోలేక మూడేళ్ళ కిందటే చెరువు పూడ్చేసి వరి వేసేశానండీ. కొల్లేటోళ్ళ వలల్లో పడ్డవాటిలో ఒక సైజువి ఏరి మీకు పంపుతున్నాను. మీరేమో చెరువు చేపే కావాలంటారు. కొల్లేటివని చెబితే తిప్పి పంపేస్తారని భయపడ్డానండీ.”

ఇందుజకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెంకట్రాజుకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మధ్యలో ఉన్నది గుడ్డ పరదాయేనని మరిచిపోయి, వీధి చివరికి వినపడేలా అరిచాడు.

“ఒరే దొంగా! చెరువు చేపలని నమ్మించి, మూడేళ్ళుగా నా చేత నిజం కొల్లేటి చేపలు అమ్మిస్తావుట్రా!”